నూలు పున్నమి నాడు విప్పిన గేర్‌బాక్సు

నూలు పున్నమి పొద్దున నర్సప్ప వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. తలస్నానం చేసి, కొత్త జంధ్యం వేసుకుని, తెల్ల ధోవతి కట్టుకుని, టెంపో మీద బిగించిన చేతిమగ్గానికి కొబ్బరికాయ కొట్టి, ఎండ ముదరకముందే కొంతం చౌక్ చేరుకోవాలి. అక్కడ నేతవాళ్ల దేవుడు మార్కండేయ మహాముని ఊరేగింపులో తమ గల్లీ బండ్లన్నిటికీ ముందు ఆ టెంపో నిలబడాలి. దారి పొడవునా ఆయన నేస్తూ పోవాలి. గుడి చేరేలోపు దేవుడికి ఎర్రంచు తెల్ల వస్త్రం ఒకటి పూర్తి కావాలి.

మరాఠీ నేల మీద తెలుగు నేతవాళ్ల వాడ అయిన భవాని పేట్‌లో ఆ గల్లీ వాళ్లందరికీ ఈ పథకం తెలుసు. ఎందుకంటే పోయినేడూ ఇదే పథకం. పోయినేడు టెంపో నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక వరుసలో పెద్ద ట్రక్కు మీద రంగు దీపాలతో, పాటల పెట్టెలతో వస్తున్న వినాయక్ కిందికి దిగి, పదిమంది వినేలా ఒక మాట అన్నాడు. "నర్సప్పా, నీ మగ్గం, నీ బండి రెండూ మ్యూజియంల పెట్టుకో. టికెట్ పెడితే పైసలన్న వస్తయి." వినాయక్‌కు సొంత పవర్‌లూమ్ షెడ్డు ఉంది, గల్లీ కమిటీలో కుర్చీ ఉంది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే మగ్గం గుంట పక్కన కూర్చుని పని నేర్చుకున్నవాళ్లే. ఆ మాట తర్వాత ఏడాదిగా ఇద్దరి మధ్యా పలకరింపు లేదు. ఈ ఏడు కమిటీ ఒక షరతు పెట్టింది. నర్సప్ప టెంపో వేళకు చౌక్‌లో ఉంటే సరే, లేకుంటే ముందు చోటు వినాయక్ ట్రక్కుది.

అందుకే రాత్రంతా నర్సప్పకు నిద్ర లేదు. పట్టిన కాస్తలో కూడా ఆయన కాళ్లు మగ్గం తొక్కుతూనే ఉన్నాయి. ఆ తన్నులన్నీ తిన్న ఆయన భార్య సావిత్రి అందరికంటే ముందే లేచింది. వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, చాటలో సగం మిగిలిన బీడీ ఆకుల్ని లోపల పెట్టి, ముగ్గు వేద్దామని వంగింది. వంగినది వంగినట్టే కేక పెట్టింది.

"ఇగో, లేస్తివా? నీ బండి ఉచ్చ పోసింది!"

నర్సప్ప ఒంటి మీద సబ్బుతోనే బయటికి వచ్చాడు. టెంపో కింద, సరిగ్గా నడుమ, పసుప్పచ్చగా నూనె మడుగు. ఆయన చూస్తుండగానే పైనుంచి ఇంకో చుక్క రాలింది.

"మంగేశ్! అరే మంగేశ్! లవకర్ రా, జల్ది!"

మంగేశ్ వాళ్ల కొడుకు. టవళ్ల కార్ఖానాలో ప్యాకింగ్ చేస్తాడు. బండ్ల గురించి అతను నేర్చుకున్నదంతా ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నదే. నిన్న సాయంత్రం ఇంజన్‌లో పాత నూనె తీసేసి కొత్త నూనె తనే పోశాడు. మెకానిక్ అవసరం లేకుండా పని జరిగిందని రాత్రి అన్నం తింటూ రెండుసార్లు చెప్పాడు కూడా. ఇప్పుడు పరుగున వచ్చి, బనీను మీదే నేల మీద పడుకుని, ఫోన్ లైటు వేసి కిందికి చూశాడు. కాసేపటికి మొహం బయట పెట్టాడు. ఆ మొహంలో దిగులు కంటే సంబరమే ఎక్కువ కనిపించింది.

"నాయినా, ఇది ఇంజన్‌కు గేర్‌బాక్స్‌కు నడుమల కెల్లి కారుతుంది! ఇదే కేసు నేను మొన్న చూసిన!"

"చూస్తివి గదా, ఏం చేయాలె మరి?"

"గదే ఆలోచన. ఇంజన్ ఎనుక దిక్కు ఒక రబ్బరు సీలు ఉంటది. గేర్‌బాక్స్ ముందల దిక్కు ఇంకోటి ఉంటది. ఏది పోయినా నూనె వచ్చేది ఒక్క బొక్కల కెల్లే. అందుకే మొదలు అది ఏ నూనెనో తెలుసుకోవాలె."

తెలుసుకునే పద్ధతి కూడా వీడియోలో ఉంది. బండి కింద తెల్లటిదేదైనా పరచాలి. ఇంజన్ ఆడించాలి. చుక్క ఎక్కడ పడింది, ఏ రంగులో పడింది చూడాలి. నేత ఇంట్లో తెల్ల గుడ్డకు కరువేముంది? మంగేశ్ లోపలికి వెళ్లి కొత్త దుప్పటి ఒకటి తెచ్చి టెంపో కింద నీటుగా పరిచాడు.

"అంగడికి పోయే దుప్పటిరా అది!" అంది సావిత్రి.

"అమ్మా, తెల్లగుంటేనే తెలుస్తది. పాతదాని మీద ఏది ఏ మరకనో ఎవలు చెప్తరు?"

ఇంజన్ ఆడింది. దుప్పటి మీద టప్పున చుక్క పడింది. తేనె రంగు. ముగ్గురూ మోకాళ్ల మీద కూర్చుని ఆ చుక్కను చూశారు. మంగేశ్ వేలితో తాకి, వాసన చూసి, తీర్పు చెప్పాడు.

"ఇంజన్ నూనె అయితే నల్లగుంటది. ఇది పచ్చగుంది. అంటే గేర్ నూనె. గేర్‌బాక్స్ సీలు పోయింది, బస్!"

కొత్తగా పోసిన ఇంజన్ నూనె కూడా తేనె రంగులోనే ఉంటుందన్న సంగతి, నిన్ననే పోసిన మంగేశ్‌తో సహా ఎవరికీ గుర్తు రాలేదు.

తుషార్‌కు కబురు వెళ్లింది. గల్లీ చివర అతని గ్యారేజీ. పండుగని షట్టర్ దించి, కొత్త కుర్తా వేసుకుని, తలకు నూనె రాసుకుంటున్నవాణ్ణి మంగేశ్ అలాగే బండెక్కించుకుని తెచ్చాడు. తుషార్ కుర్తా చేతులు మడిచి, వంగి చూసి, నాలుక చప్పరించాడు.

"సీలే కాకా, డౌట్ లేదు. గిట్లనే పోనిస్తే నూనె క్లచ్ మీదికి వస్తది. క్లచ్ జారితే ఇంజన్ మొత్తుకుంటది గని బండి కదలదు. పోయినేడు నడి రోడ్డుల నిలవడ్డట్టు…"

పోయినేడు అన్న మాట చాలు.

"విప్పు!" అన్నాడు నర్సప్ప.

"గేర్‌బాక్స్ దించాలె కాకా. ఆజ్ సణ్ ఆహే. పండుగ పూట నా దగ్గర పోరగాండ్లు కూడా లేరు."

"నేనున్న. నా కొడుకున్నడు. విప్పు తుషార్, నీ కాళ్లు మొక్కుత!"

పని మొదలైంది. సావిత్రి తన పని తాను చేసుకుపోయింది. పూజ ఆపడానికి లేదు కాబట్టి ముందు చక్రానికి కుంకుమ పెట్టి, నిమ్మకాయ పెట్టి, అగరొత్తులు గుత్తిగా వెలిగించి మట్టిలో గుచ్చింది. నర్సప్ప తెల్ల ధోవతితోనే దుప్పటి మీద వెల్లకిలా పడుకుని టెంపో కిందికి జారాడు. గాలికి ధోవతి ఎగిరి నూనెలో పడబోతుంటే, సావిత్రి కండె నుంచి కాస్త నూలు తెంపి ఆయన కాళ్లు రెండూ మడమల దగ్గర ధోవతితో సహా కట్టేసింది. తుషార్ విప్పిన బోల్టులు దొర్లిపోకుండా నర్సప్ప వాటిని నోట్లో పెట్టుకున్నాడు. మగ్గం మీద దారపు కొస పళ్ల మధ్య పట్టుకునే అలవాటున్న మనిషి, అది ఆయనకు కష్టంగా తోచలేదు.

ఆఖరి బోల్టు వచ్చేసింది. గేర్‌బాక్సు ఒక పక్క ఇటుకల మీద, ఇంకో పక్క నర్సప్ప చేతుల మీద ఆనింది. అప్పుడు తుషార్‌కు గుర్తొచ్చింది, జాక్ గ్యారేజీలోనే ఉండిపోయిందని.

"కాకా, గిట్లనే పట్టుకో. ఇప్పుడే తెస్త. కదలకు. కదిలితే ఛాతీ మీదికి వస్తది. శ్వాస కూడా మెల్లగ తీస్కో."

"ఊఁ" అన్నాడు నర్సప్ప.

జాక్ బరువని మంగేశ్ కూడా అతని వెంట వెళ్లాడు. వచ్చాక అందరికీ చాయ్ కావాలని సావిత్రి లోపలికి వెళ్లింది. అదే సమయంలో పూలవాడు వచ్చి, టెంపో కోసం చెప్పిన బంతిపూల దండలు ఎవరికివ్వాలో తెలియక, దుమ్ములో పెట్టడమెందుకని తెల్ల దుప్పటి మీద, నర్సప్ప కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోయాడు.

సరిగ్గా అప్పుడు యమునాబాయి గల్లీ మలుపు తిరిగింది. యమునాబాయి నర్సప్పకు అక్క, పక్క గల్లీలోనే ఉంటుంది. ఈమధ్యే ఒక కంటికి ఆపరేషన్ అయి నల్ల కళ్లద్దాలు పెట్టుకుంది. తమ్ముడికి రాఖీ కట్టి, నోట్లో పేడా పెట్టి, ఊరేగింపుకు సాగనంపుదామని పళ్లెం పట్టుకుని వచ్చింది. ఆ నల్లద్దాల్లోంచి ఆమెకు ముందు తెల్ల గుడ్డ కనిపించింది. తర్వాత బంతిపూలు. తర్వాత అగరొత్తుల పొగ. ఆ తర్వాత, దారంతో కట్టేసిన రెండు పాదాలు.

పళ్లెం కింద పడింది.

"అయ్యో తమ్ముడా! రాఖీ కట్టకముందే పోతివా తమ్ముడా!"

యమునాబాయిది పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసి సాధించిన గొంతు. నలభై మగ్గాల మోతలోనూ వినిపించేది, ఈ రోజు మగ్గాలన్నీ బందుగా ఉన్న వాడలో వినపడకుండా ఉంటుందా? ఒక్కో తలుపు తెరుచుకుంది.

"ఊఁ! ఊఁ ఊఁ!" అన్నాడు నర్సప్ప కింద నుంచి. నోరు తెరిస్తే బోల్టులు గొంతులోకి పోతాయి. ఉమ్మితే ఏది ఎక్కడిదో తుషార్‌కు తెలియదు. చేయి తీస్తే గేర్‌బాక్సు మీద పడుతుంది. ఆ ఊఁ ఊఁలు యమునాబాయి రోదనలో కలిసిపోయాయి.

ఆమె దుప్పటి పక్కన కూలబడి, రాఖీని వెతికి తీసుకుంది. "చేయి కూడా కనవడకపోయె తమ్ముడా! ఏ చేతికి కట్టుదు!" అని ఏడుస్తూ, కనిపించిన కుడి పాదానికే కట్టేసింది. నర్సప్పకు అరికాలి దగ్గర తాకితే చక్కిలిగింత ఎక్కువ. కాలి వేళ్లు గిలగిలా కొట్టుకున్నాయి.

"పానం ఇంకా కొట్టుకుంటుందమ్మా," అంది ఒకావిడ ముక్కు మీద వేలేసుకుని.

"పున్నమి పూట పోతున్నడు, పుణ్యాత్ముడు," అంది ఇంకో ఆవిడ కళ్లొత్తుకుంటూ.

వంటింట్లో చాయ్ వడపోస్తున్న సావిత్రికి 'తమ్ముడా పోతివా' అన్న మాట వినపడింది. ఆమె తను కట్టిన దారం గురించి గాని, తను పెట్టిన అగరొత్తుల గురించి గాని ఆలోచించలేదు. ఇంత ఇనుము మొగుడి ఛాతీ మీద పడిపోయిందన్న ఒక్కటే ఆమెకు తోచింది. గంటె చేతిలో ఉండగానే పరిగెత్తుకొచ్చి, గుంపును చూసి, గుమ్మంలోనే చతికిలబడి, యమునాబాయికి గొంతు కలిపింది.

"వదినే! నేనన్న ఆపకపోతినే! నేనే కాళ్లు కడితినే!"

సొంత పెళ్లామే ఏడ్చాక ఇంకెవరికీ అనుమానం మిగల్లేదు. ఫోన్లు మోగాయి. గల్లీ మొదట్లో నర్సప్ప మీద ఇంజన్ పడింది. గల్లీ చివరికి వచ్చేసరికి ఆయన మీదుగా టెంపో వెళ్లింది. కొంతం చౌక్ చేరేసరికి ఆ టెంపో నడిపింది మంగేశే అయ్యాడు. ఊరేగింపు కోసం గల్లీ మొగదలలో హుషారుగా వాయిస్తున్న బ్యాండువాళ్లను ఎవరో పెద్దమనిషి మందలించాడు. వాళ్లు ఒక్క క్షణం ఆగి, క్లారినెట్ సరిచేసుకుని, ఏడుపు రాగం అందుకున్నారు.

జాక్ మోసుకొస్తున్న మంగేశ్‌కు, తుషార్‌కు ఆ రాగం ఎదురొచ్చింది. మలుపులో నిలబడ్డ ముసలాయన మంగేశ్ భుజం మీద చేయి వేశాడు.

"ధైర్యం చెయ్ కొడుకా. మీ నాయిన మంచి సావే సచ్చిండు. మగ్గం కిందనే."

మంగేశ్ చేతుల్లోంచి జాక్ జారి తుషార్ కాలి మీద పడింది. తుషార్ ఒంటికాలి మీద గెంతుతూ, "ఆయీ గ! మేలో! సచ్చిన!" అని పెట్టిన గావుకేకకు గల్లీ అంతా కరిగిపోయింది. మెకానిక్ అయితేనేం, ఎంత ప్రేమ పెట్టుకున్నాడో చూడు అనుకున్నారు.

అప్పుడే వినాయక్ వచ్చాడు. చౌక్‌లో ట్రక్కును అలాగే వదిలేసి, కమిటీ వాళ్లను వెంటేసుకుని, జరీ తలపాగా చేత్తో పట్టుకుని పరుగున వచ్చాడు. గుంపు దారి ఇచ్చింది. అతను ఆ కట్టిన పాదాలను, ఒక పాదానికి మెరుస్తున్న రాఖీని చూసి తలపాగాను గుండెకు అదుముకున్నాడు. తర్వాత ఒక్కసారిగా మొదలుపెట్టాడు.

"నర్సప్పా! నీతోని ఏడాది సంది మాట్లాడకపోతిరా! మనోళ్లల్ల చేతి మగ్గం మీద అసలు పని తెల్సినోడు ఎవడన్న ఉంటే గదే నువ్వు ఒక్కడివి! నాకు షెడ్డున్నది, ట్రక్కున్నది. కానీ నీ లెక్క అంచు వట్టుడు నాకు జన్మల రాలె!"

టెంపో కింద ఊఁ ఊఁలు ఆగిపోయాయి.

నర్సప్పకు చేతులు లాగుతున్నాయి, మెడ పట్టేసింది, కాలికి దోమ కుడుతోంది. అయినా ఆయన ఇప్పుడు ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నాడు. ఏడాదిగా మ్యూజియం మాట చెవిలో గింగిరాలు కొడుతున్న మనిషికి, ఆ నోటే ఇలాంటివి చెబుతుంటే మధ్యలో అడ్డం రావడానికి మనసొప్పలేదు. ఇంకాస్త చెబితే వినాలనిపించింది.

వినాయక్ ఇంకాస్త చెప్పాడు. చిన్నప్పుడు దారం చిక్కుపడితే నర్సప్పే విప్పి పెట్టేవాడన్నాడు. పోయినేడు తానన్న మాట తన నోట్లోంచి వచ్చిందంటే తనకే నమ్మబుద్ధి కావడం లేదన్నాడు. చివరికి కమిటీ వాళ్ల వైపు తిరిగి, చేయెత్తి, గల్లీ దద్దరిల్లేలా అన్నాడు.

"అందరు ఇనుండ్రి! నా ట్రక్కు ఎనుకకు! ఇయ్యాల మన గల్లీకి ముందల నడిచేది నర్సప్ప మగ్గమే! నా మాట ఇది. మార్కండేయుని మీద ఒట్టు!"

కమిటీ వాళ్లు తలలూపారు. ఆడవాళ్లు ముక్కులు చీదారు. బ్యాండువాళ్లు రాగం ఇంకో మెట్టు దించారు.

టెంపో కింద నుంచి టంగు టంగున బోల్టులు రాలిన చప్పుడైంది. వెంటనే గొంతు వచ్చింది.

"వినాయక్! ఇంతమంది ముందల అన్నవు. మాట మీద ఉండాలె మరి!"

ఆ తర్వాత గల్లీలో ఏం జరిగిందో ఎవరూ సరిగా చెప్పలేరు, ఎందుకంటే చెప్పగలిగినంత సేపు అక్కడ ఎవరూ నిలబడలేదు. క్లారినెట్ ఒకటి మురికి కాలువలో దొరికింది. కదలకుండా ఉన్నది యమునాబాయి ఒక్కతే. ఆమె నల్లద్దాలు పైకెత్తి, ఆపరేషన్ అయిన కంటితో పాదాలను తేరిపార చూసింది.

"తమ్మీ, బతికేనా?"

"బతికే ఉన్న అక్కా! తుషార్! అరే తుషార్, జాక్ పెట్టరాదురా, చేతులు వడిపోతున్నయి!"

కుంటుకుంటూ వచ్చిన తుషార్ జాక్ పెట్టాడు. మంగేశ్ తండ్రిని కాళ్లు పట్టి బయటికి లాగాడు. లాగి, అక్కడే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సావిత్రి ఏడవలేదు. వచ్చి, గంటెతో మొగుడి భుజం మీద ఒకటి వేసింది.

"బతికుండి పలుకకపోతివి? నా పానం పోయెగదనయ్యా!"

"నోట్ల బోల్టులుండెనే."

"బోల్టులు మొదటి నుంచి ఉండె. మరి ఆ వినాయకన్న మాట్లాడినంతసేపు ఊఁ అన్నన్న అనకపోతివి?"

నర్సప్ప కాలి కట్టు విప్పుకోవడంలో మునిగిపోయాడు. పారిపోయినవాళ్లు ఒక్కొక్కరే సిగ్గుగా నవ్వుకుంటూ తిరిగొచ్చారు. ఏడ్చిన గొంతులే ఇప్పుడు పగలబడి నవ్వుతున్నాయి. వినాయక్ తలపాగా పెట్టుకోవాలో తీసెయ్యాలో తెలియని వాడిలా మధ్యలో నిలబడ్డాడు.

ఈలోగా తుషార్ గేర్‌బాక్సును కిందికి దించి, సీలు చూశాడు. ఒకసారి చూశాడు, కుర్తా కొసతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. సీలు పొడిగా ఉంది. దాని మీద నూనె కాదు కదా, మెత్తటి దుమ్ము పొర కూడా చెదరలేదు. ఇంజన్ వైపు సీలు కూడా అంతే పొడిగా ఉంది.

"గిదేందిది?" అనుకుంటూ అతను నూనె తడిని వేలితో పట్టుకుని పోయాడు. తడి కింద నుంచి పైకి వెళ్లింది. ఇంజన్ వెనక గోడ వెంట సన్నటి చారగా ఎక్కింది. ఇంకా పైకి, ఇంజన్ నెత్తి దాకా వెళ్లింది. అక్కడ నూనె పోసే రంధ్రం ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉంది. ఇంజన్ ఆడినప్పుడల్లా దాంట్లోంచి కొత్త నూనె చిమ్మి, వెనక్కి కారి, కిందికొచ్చి, ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య చేరి, అక్కడే పుట్టినట్టు కిందికి రాలుతోంది.

"మంగేశ్, నిన్న నూనె పోసినవు గదా. మూత ఏది?"

"పెట్టిన అన్నా! పెట్టిననే…" అంటూ మంగేశ్ వంగి చూశాడు. వంగేసరికి అతని ప్యాంటు జేబులోంచి నల్లటి మూత ఒకటి జారి, గుండ్రంగా దొర్లుతూ వెళ్లి వాళ్ల నాన్న పాదం దగ్గర ఆగింది.

తుషార్ కుంటుకుంటూ వచ్చి ఆ మూతను చేతిలోకి తీసుకున్నాడు.

"ఇంజన్ మంచిగుంది," అన్నాడు తుషార్ నెమ్మదిగా. "గేర్‌బాక్స్ మంచిగుంది. సీళ్లు రెండూ కొత్త లెక్కనే ఉన్నయి. నా కాలే ఖరాబైంది."

"వీడియోల మూత గురించి చెప్పలే నాయినా," అన్నాడు మంగేశ్.

నర్సప్ప కొడుకును తిట్టబోయి ఆగాడు. ఇందాక వాడు ఏడ్చిన ఏడుపు ఇంకా కళ్ల ముందే ఉంది. "సరే తియ్. బిగించు తుషార్. ఎంతసేపయితది?"

"మధ్యాహ్నం దాటుతది కాకా."

దూరంగా చౌక్ వైపు నుంచి మొదటి డప్పులు వినపడ్డాయి. ఊరేగింపు కదలబోతోంది. నర్సప్ప టెంపో వైపు చూశాడు. పైన మగ్గం సిద్ధంగా ఉంది, పడుగు బిగించి ఉంది, అడ్డపోగు మోసే నాడె దాని చోట ఉంది. కింద బండికి నడుము లేదు. ఆయన మొహం మీద ఇప్పటిదాకా ఉన్న వెలుగు కాస్తా దిగిపోయింది.

వినాయక్ గొంతు సవరించుకున్నాడు. "నేను మాట మీదనే ఉన్న, నర్సప్పా. నువ్వు ముందల, నేను ఎనుక. కానీ బండే నడవకపోతే మరి… నేనేం చేయాలె చెప్పు. ట్రక్కు ఇంజన్ చాలూ చెయ్యమంటవా?"

కమిటీ వాళ్లు నేల చూపులు చూశారు. అందులో న్యాయం ఉందని అందరికీ తెలుసు. అదే ఎవరికీ నచ్చలేదు.

అప్పుడు యమునాబాయి లేచి చీర కొంగు నడుముకు దోపింది.

"ఏందిరా ఆలోచన? ఇంతమంది నా తమ్మున్ని మోయనీకి వచ్చిండ్రు గదా. మనిషిని మోయనీకి వచ్చినోళ్లకు బండి గుంజనీకి ఏమైతది?"

గల్లీ ఒక్కసారిగా ఉరికింది. టవళ్ల బేళ్లు కట్టే మోకులు షెడ్డులోంచి వచ్చాయి. తుషార్ వాటిని బండి ముందు కట్టాడు. గేర్‌బాక్సు లేని బండి కాబట్టి తోస్తే చాలు, పిల్లిలా కదిలింది. ఇందాక దుప్పటి మీద పడి ఉన్న బంతి దండలు మగ్గం ఎక్కాయి. మంగేశ్ స్టీరింగు, బ్రేకు పట్టుకున్నాడు. ఇంకేమీ ముట్టుకోవద్దని తుషార్ అతనితో ఒట్టు వేయించుకున్నాడు. సావిత్రి తన బీడీల జట్టు ఆడవాళ్లను తీసుకుని కుడి మోకు పట్టింది. ఎడమ మోకు మగవాళ్లది. బ్యాండువాళ్లు కాలువలోంచి తీసిన క్లారినెట్‌ను విదిలించి, ఈసారి ఎవరూ చెప్పకుండానే హుషారు పాట ఎత్తుకున్నారు.

నర్సప్ప మగ్గం మీద కూర్చున్నాడు. నాడె విసిరాడు. పోగును బిగించే పలక లాగాడు. పోయినేడు ఇంజన్ వణుకుకు అడుగడుగునా దారాలు తెగాయి. ఇప్పుడు వణుకు లేదు. మనుషుల అడుగుల లయ మీద బండి సాగుతోంది. ఒక్క దారం తెగలేదు. కింద "జోర్ లగాకే" అంటే, పైన నాడె సర్రున పోతోంది. గల్లీ మలుపు దాటేసరికి ఆయన అడుగులూ, వాళ్ల అడుగులూ ఒకే తాళంలో పడ్డాయి.

కొంతం చౌక్‌లో జనం వాళ్లను చూసి మొదట నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది. ఇంజన్ చప్పుడు లేదు, పాటల పెట్టె లేదు. మగ్గం చప్పుడు ఒక్కటే, దాని వెంట మనుషులు. డాబాల మీద నుంచి చప్పట్లు మొదలయ్యాయి. ముసలివాళ్లు వచ్చి మోకుకు దండం పెట్టి ఒక చేయి వేశారు. ఇంకొంతమంది వచ్చారు. పట్టుకోవడానికి మోకు చాలక, వెనక నుంచి బండిని తోశారు.

తన ట్రక్కు ముందు నుంచి బండి పోతుంటే వినాయక్ చూస్తూ నిలబడ్డాడు. ఎక్కమన్నట్టు డ్రైవర్ తలుపు తెరిచి పట్టుకున్నాడు. వినాయక్ ఎక్కలేదు. తలపాగా తీసి డ్రైవర్ చేతిలో పెట్టి, వచ్చి ఎడమ మోకు పట్టుకున్నాడు.

నర్సప్ప నాడె ఆపకుండానే కిందికి వంగాడు. "వినాయక్, అంచు ముచ్చట అన్నవు జూడు ఇందాక. నిజంగనేనా?"

"సచ్చినోని ముందల అబద్ధం ఎవడాడుతడు?"

"మరి ఇప్పుడు బతికినోని ముందల?"

వినాయక్ మోకును భుజం మీదికి మార్చుకుని గట్టిగా లాగాడు. బండి ఒక్క ఊపున ముందుకు కదిలింది. ఆ ఊపుకు నాడె పట్టు తప్పబోయి, నర్సప్ప ఒడుపుగా పట్టుకుని పకపకా నవ్వాడు.

గుడి దగ్గరికి చేరేసరికి ఎర్రంచు వస్త్రం పూర్తయింది. దాన్ని మగ్గం నుంచి కోసి పూజారి చేతిలో పెట్టేటప్పుడు నర్సప్ప ఎర్రంచును వేలితో రెండుసార్లు తడిమాడు. పోగు సరిగా పడిందో లేదో చూస్తున్నానన్నాడు ఆయన. ఎవరూ నమ్మలేదు. మైకు దొరకగానే వినాయక్, బండిని మనుషులే గుంజాలన్న ఆలోచన కమిటీదేనని ప్రకటించాడు. యమునాబాయి కింద నుంచి ఏదో అరిచింది గాని, ఆ మైకు ముందు ఆమె గొంతు కూడా చాలలేదు. అరిచి అరిచి అలసిపోయి, కాలి నుంచి విప్పిన రాఖీని తమ్ముడి చేతికి కట్టి, అతని నోట్లో ఒక పేడా కుక్కింది.

ఆ వారమంతా తుషార్ గ్యారేజీకి గిరాకీ ఎక్కువైంది. వచ్చే ఏడు ఊరేగింపుకు తమ బండ్ల గేర్‌బాక్సులు కూడా విప్పి పెట్టమని పక్క గల్లీల వాళ్లు ఇప్పటినుంచే అడిగి పోతున్నారు. విప్పింది తిరిగి బిగించమని మాత్రం ఇంకా నర్సప్ప ఒక్కడే తిరుగుతున్నాడు.